కిటికీకి కట్టిన అట్ట

జూన్ 3

తమ్ముడూ,

నీకు శాంతి కలుగు గాక. ఇది కాగితం నింపడానికి రాసిన మాట కాదు. లాండ్రీలో బాయిలరు బుసలు కొడుతుంటే, పక్కన తడి దుప్పట్ల గుట్ట పెట్టుకుని, ఇస్త్రీ బల్ల మీదే ఈ ఉత్తరం పరిచి, పైకి అని మరీ రాస్తున్నాను. పక్క బల్ల పిల్ల నాకు పిచ్చెక్కిందనుకుని చూస్తోంది. చూడనీ.

నీ కార్డు చేరింది. "నేను బాగానే ఉన్నాను. తాగడం లేదు." అంతే. ఒరేయ్, ఒక్క మాట దొరికితే పూటంతా ప్రసంగం చేసే మనిషిని నేను, నాకు రెండు వాక్యాలు పంపావు! ఊరుకుంటానా? మొన్న ఆదివారం ప్రార్థన గది పైకప్పు లేచిపోవలసిందే. "కోనేటి గట్టున ఏళ్ల తరబడి పడి ఉన్న మనిషిని ప్రభువు ఏమడిగాడు? ఎందుకు పడ్డావని అడిగాడా? ఎవరు పడేశారని అడిగాడా? బాగుపడాలని ఉందా అని అడిగాడు! నా తమ్ముడు ఉంది అన్నాడు! ఎవరూ మోసుకెళ్లలేదు, తన కాళ్లతో తానే నడిచి ఆ కోలుకునే ఇంటి గుమ్మం ఎక్కాడు!" దర్జీ ఏడ్చాడు. దర్జీ భార్యా ఏడ్చింది గానీ, ఆవిడ మామూలు రోజుల్లో కూడా ఏడుస్తుంది, లెక్కలోకి రాదు. వెనక బెంచీలో ఎవరో తూగుతుంటే గ్రంథం తీసి బల్ల మీద ఫెడీమని చరిచాను. నా ప్రసంగంలో ఎవరినీ నిద్రపోనివ్వనని నీకు తెలుసుగా.

ఇంకో మాట. ఆ రాత్రి తాగి నువ్వు విసిరిన పనిముట్ల సంచి లోపలికి వచ్చి పడిన ప్రార్థన గది కిటికీ అలాగే ఉంది. నాన్న నీ చేత మొట్టమొదట కోయించిన అద్దం కదా అది. ఆ ఖాళీకి సబ్బుల పెట్టె అట్ట ఒకటి కట్టాను. వాన పడితే అట్ట ఉబ్బుతుంది, కింద కారుతుంది. ఆ కిటికీ కిందే కూర్చునే పెద్దమ్మ, అదే మన గొడుగు పెద్దమ్మ, చోటు మారమంటే మారదు. గొడుగు విప్పుకుని కూర్చుని ప్రార్థన చేస్తోంది. ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను.

ఇంకెవరి చేతా ఆ అద్దం పెట్టించను. అది నీ చోటు. నీ కోసమే ఖాళీగా ఉంచాను.

రాత్రిళ్లు నిద్ర పడుతోందా? ఏం తింటున్నావు? ఈసారి మూడు వాక్యాలు రాయి.

నిన్ను చూసి గర్వపడే
అక్క


జూన్ 14

అక్కకు,

మూడు వాక్యాల కంటే ఎక్కువే రాస్తాను.

ఇక్కడ బాగుంది. పొద్దున్నే పక్కలు సర్దుకోవాలి, వంటింట్లో వంతులవారీగా పని. తర్వాత గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుని మాట్లాడుకోవాలి. నేను ఎక్కువ మాట్లాడను. నా పక్క మంచం ఆయన పడవల రేవులో టికెట్లు చింపే పని చేసి రిటైరయ్యాడు. అందరూ కెప్టెన్ అంటారు, ఆయన కూడా కాదనడు. తిండి బాగానే ఉంది. నిద్ర మాత్రం రావడం లేదు. కళ్లు మూసుకుంటే అద్దం పగిలిన చప్పుడు వినపడుతుంది.

వంతెన అవతల ఒక అద్దాల మేస్త్రీ ఉన్నాడు, గుబురు మీసాలాయన. మంచి పనివాడు. అతన్ని పిలిచి ఆ కిటికీకి అద్దం పెట్టించు. వానాకాలం ముదరకముందే.

పెద్దమ్మను అడిగానని చెప్పు.

తమ్ముడు


జూన్ 22

నా తల్లి కన్న మొండిఘటమా,

నీ ఉత్తరం చదివి ఇస్త్రీ పెట్టె కింద ఒక కాలరు కాల్చేశాను. హోటలు వాళ్ల చొక్కా. మా సూపర్‌వైజరుకి నువ్వే సమాధానం చెప్పుకో.

వంతెన అవతలాయన చేత పెట్టించమంటావా? అద్దం పగిలిందని తెలిసి ఆయనే నిన్నటికి నిన్న వచ్చాడు, టేపు పట్టుకుని. గుమ్మంలోనే ఆపేశాను. "అయ్యా, ఈ కిటికీకి యజమాని వేరే ఉన్నాడు, వస్తాడు" అన్నాను. "ఎప్పుడమ్మా?" అన్నాడు. "దూరంగా ఉండగానే కొడుకుని చూసి పరుగెత్తిన ఆ తండ్రి, ఎప్పుడొస్తాడో తెలుసుకునే గుమ్మంలో నిలబడ్డాడా?" అన్నాను. ఆయన టేపు జేబులో పెట్టుకుని, మీసం సవరించుకుని వెళ్లిపోయాడు.

నువ్వు రావడం లేదన్నమాట. అసలు సంగతి అదేగా? ఇక్కడికి రాకుండా తప్పించుకోవడానికే వేరేవాళ్ల పేరు చెప్తున్నావు. మళ్లీ మొదలుపెట్టలేదు కదా? అడుగుతున్నందుకు కోపగించకు, అక్కను, అడుగుతాను. మొదలుపెట్టావంటే చెప్పు, దులుపుకుని మళ్లీ లేద్దాం. మొదలుపెట్టకపోతే వచ్చెయ్. అట్ట నువ్వు వచ్చేవరకు అలాగే ఉంటుంది. నేను మాటంటే మాటే.

ఆ అట్ట ఎంత పని చేస్తోందో నీకు తెలియదు. ప్రతి ఆదివారం దాన్ని చూపించే ప్రసంగం మొదలుపెడుతున్నాను. "చూడండి, ఈ ఖాళీ చూడండి! పగలగొట్టిన చెయ్యే బాగుచేయడానికి వస్తుంది!" అంటే, జనం తలలన్నీ ఒక్కసారి అటు తిరుగుతాయి. రెండు వీధుల అవతలి నుంచి కూడా వస్తున్నారు చూడటానికి. మందు మానేసినవాడొకడు, మానాలనుకుంటున్నవాడొకడు వచ్చి ఆ కిటికీ కిందే నిలబడి ప్రార్థన చేయించుకున్నారు. నీ వల్ల! ఇక్కడ లేకుండానే నువ్వు ఇంతమందిని లేపుతున్నావు, తెలుసా?

నిద్ర రాకపోతే గ్రంథం తెరిచి పైకి చదువు. కెప్టెన్ గారికి కూడా పనికొస్తుంది.

ఎదురుచూసే
అక్క


జూలై 5

అక్కా,

మొదలుపెట్టలేదు. ముందు అది చెప్పేస్తున్నాను, మళ్లీ ఇంకో కాలరు కాలకుండా.

ఇక మిగతాది వినాలి నువ్వు. మధ్యలో అందుకోకుండా, ఇది ఉత్తరం కాబట్టి ఎలాగూ అందుకోలేవు.

మొన్న గాలివానకి ఇక్కడ వంటింటి కిటికీ అద్దం పగిలింది. వార్డెనుగారు వచ్చి "ఇక్కడ ఎవరికైనా అద్దం పని వచ్చా?" అని అడిగారు. నేను గిన్నెలు తోముతూ తల ఎత్తలేదు. ఇక్కడ చేరేటప్పుడు నా పని ఏమిటని అడిగితే మూటలు మోస్తానని చెప్పాను. మళ్లీ గాజు ముట్టుకోకూడదని అనుకున్నాను. సంచి విసిరిన చెయ్యి ఇది.

ముక్కలు ఎత్తమన్నారు. ఎత్తాను. వెనక నుంచి కెప్టెన్ అన్నాడు:

"ఏమయ్యా, నువ్వు మూటలు మోసేవాడివా?"

"అవును."

"మూటలు మోసేవాడు గాజు పెంకుని అంచులు ముట్టుకోకుండా అరచేతుల మధ్య నిలబెట్టి పట్టుకుంటాడా? నేను ముప్పైయేళ్లు టికెట్లు చింపాను నాయనా. టికెట్ లేనివాడు ఎలా నడుస్తాడో నాకు తెలుసు."

దొరికిపోయాను. స్టోరు గదిలో పాత గాజు పలకలు రెండున్నాయి. గాజు కోసే కలం తెప్పించారు. అందరూ చుట్టూ నిలబడ్డారు, సర్కసు చూసినట్టు. స్కేలు పెట్టి గీశాను. చెయ్యి వణకలేదు, గీత బాగానే పడింది. కానీ నాకు నమ్మకం కలగలేదు. నేను గీసింది బాగుంటుందా అని భయం వేసి, మళ్లీ అదే గీత మీద గీశాను. ఇంకా నమ్మకం లేక ఇంకోసారి. బల్ల అంచున పెట్టి వంచితే పలక అడ్డదిడ్డంగా, మెరుపు తీగలా పగిలిపోయింది.

నాన్న చెప్పే మొదటి పాఠం అదే కదక్కా. నువ్వు మెట్ల మీద కూర్చుని వినేదానివి. "గీశావా, అయిపోయింది. గీత మీద గీత గీయకు. కలమూ పోతుంది, గాజూ పోతుంది." ఆ మాట మరిచిపోలేదు, భయం వల్ల చేతకాలేదంతే.

రెండో పలక తీసుకున్నాను. ఒక్కసారి గీశాను. కలం పక్కన పెట్టేశాను. టక్కుమని చీలింది, కత్తిరించిన కాగితంలా. కెప్టెన్ చప్పట్లు కొట్టాడు, వార్డెనుగారు కూడా. నేను స్నానాల గదిలోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

ఆ సాయంత్రం కుర్చీల దగ్గర కౌన్సిలరమ్మ అడిగింది: "మీ అక్క మిమ్మల్ని క్షమించిందా?" "క్షమించకపోవడమేమిటండీ, ప్రతి ఆదివారం గొంతెత్తి క్షమిస్తోంది" అన్నాను. అందరూ నవ్వారు. "మరి మీరు?" అంది. ఎవరూ నవ్వలేదు.

అక్కా, నువ్వు ప్రేమతోనే ఉంచావు ఆ ఖాళీ. నాకు తెలుసు. కానీ నేను ఆ గదిలోకి ఎలా రావాలి? గుమ్మంలో అడుగు పెట్టగానే తలలన్నీ ముందు అట్ట వైపు తిరుగుతాయి, తర్వాత నా వైపు. నేను పగలగొట్టినవాడిని, లేదంటే బాగుచేయడానికి వచ్చినవాడిని. రెండింటిలో ఒకటి కాకుండా ఊరికే కూర్చునే మనిషినెప్పుడవుతాను? నువ్వు వారం వారం అదే గీత మీద గీస్తున్నావు.

వచ్చే నెలలో ఒక ఆదివారానికి బయటికి పంపుతామన్నారు. ఆ అట్ట ఉన్నన్నాళ్లు రాను. నేను కూడా మాటంటే మాటే, నీ తమ్ముణ్ణే కదా.

తమ్ముడు


జూలై 16

తమ్ముడూ,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టాను. మొదట రాసింది చాలా గొప్పగా ఉంది, సగం గ్రంథం ఉంది అందులో. చింపేశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు బాగా కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. నేను నిన్ను నెత్తిన పెట్టుకుంటే నువ్వు దిగి పారిపోతున్నావనిపించింది. ఆదివారం వచ్చింది. వాన. అలవాటు కొద్దీ అట్ట వైపు చెయ్యి చూపించి, "చూడండి, ఈ ఖాళీ..." అని మొదలుపెట్టాను. అట్ట కింద గొడుగు విప్పుకుని కూర్చున్న పెద్దమ్మ గొడుగు కాస్త పైకెత్తింది.

"అమ్మాయ్," అంది.

నా ప్రసంగంలో మధ్యలో మాట్లాడేవాళ్లు లేరు, నీకు తెలుసు.

"అమ్మాయ్, ఆ అబ్బాయి దీన్ని పగలగొట్టింది ఒక్కసారే కదే. నువ్వు వారం వారం పగలగొడుతున్నావు. నా కాళ్లు తడుస్తున్నాయి."

అంతే అంది. గొడుగు మళ్లీ దించుకుంది.

నేను నిలబడిపోయాను. దర్జీ భార్య కూడా ఏడవలేదు, ఏం చేయాలో తోచక. చివరికి ప్రార్థన చేసి పంపించేశాను. ఒక్కదాన్నే ఆ అట్ట ముందు కూర్చున్నాను. తడిసి ముద్దయిన సబ్బుల అట్ట తమ్ముడూ, దాన్ని పట్టుకుని నేనెంత గొప్ప కట్టడం కట్టుకున్నానో! కోడి కూసేలోగా మూడుసార్లు ప్రభువుని ఎరగనని బొంకిన శిష్యుడు గుర్తొచ్చాడు. తర్వాత ప్రభువు సరస్సు ఒడ్డున నిప్పు రాజేసి చేపలు కాల్చి, అతన్ని తిందువు రా అన్నాడు. అందరి ముందూ నిలబెట్టి, కోడి కూసిన సంగతి ఎత్తి, చూడండి వీణ్ని ఎలా మార్చానో అనలేదు. ఈ భాగం నేను ఎన్నిసార్లు చెప్పానో! చెప్పడమే గానీ చేపలు ఎప్పుడు కాల్చాను?

మర్నాడు పని కాగానే వంతెన దాటి వెళ్లాను. మీసాలాయన నన్ను చూసి కౌంటరు వెనక్కి ఒక అడుగు వేశాడు. "టేపు తీసుకుని రండయ్యా" అన్నాను. "యజమాని వచ్చాడామ్మా?" అన్నాడు. "కిటికీకి యజమానులుండరండీ" అన్నాను.

గురువారం అద్దం పెట్టారు. మామూలు అద్దం. అట్ట బాయిలరులో వేసేశాను.

ఇప్పుడు నీ మాట నీకే చెప్తాను, అక్కను కాబట్టి ఊరుకోలేను. నేను ఆదివారం ఆదివారం గీశాను. నువ్వు కళ్లు మూసినప్పుడల్లా గీస్తున్నావు. రెండో పలకని ఒక్క గీతతో కోశానని రాశావే, ఆ మాట చదివి నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసి నిలబడ్డాను. వణకలేదన్నావు చూడు, తాగుడు ఆపిన చెయ్యి, భయాన్ని కూడా ఆపిన చెయ్యి! ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పను. నాలోనే పెట్టుకుని మురిసిపోతున్నాను, నాకు ఎంత కష్టంగా ఉందో నువ్వు ఊహించుకోవచ్చు.

అక్క


జూలై 27

అక్కా,

నిజం చెప్పాలంటే, అద్దం పెట్టించావని చదవగానే నాకు కోపం వచ్చింది. నవ్వకు. పెట్టించమన్నది నేనే. అట్ట ఉంటే రానన్నది నేనే. అయినా వంటింటి అద్దం బిగించిన రోజు నుంచి లోపల్లోపల ఆ కిటికీ కొలతలు గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. నేనే వచ్చి, నేనే కోసి, నేనే పెట్టి, పని చూపించి కూర్చుంటే అప్పుడు కూర్చునే హక్కు వస్తుందనుకున్నాను. ఇప్పుడు చేతిలో ఏమీ లేదు.

కౌన్సిలరమ్మకి చెప్పాను. "అయితే ఉత్త చేతులతో వెళ్లాలన్నమాట. ఎలా ఉంది?" అంది. "బట్టలు లేకుండా వెళ్లినట్టుంది" అన్నాను. కెప్టెన్ అన్నాడు, "నీ బట్టల సంగతి నీ అక్క చూసుకుంటుందిలే, ఇస్త్రీ చేసేది ఆవిడే కదా."

వస్తాను. కానీ నా పేరెత్తకూడదు. సాక్ష్యం చెప్పమని పిలవకూడదు. నా వైపు చూసి కళ్లు తుడుచుకోకూడదు. దర్జీ భార్య సంగతి నీ చేతుల్లో లేదు, ఆవిడని వదిలేస్తున్నాను.

ఇంతకీ మీసాలాయన అద్దం చుట్టూ బిగింపు లప్పం సరిగా పెట్టాడా? అంచు వెంబడి వాలుగా, నున్నగా ఉందా, వేలి ముద్రలున్నాయా? దాన్ని ఎవరూ గోకకుండా చూడు, ముఖ్యంగా పెద్దమ్మ. అది పైన పొరకట్టాక దాని మీద రంగు వేయాలి, లేకపోతే ఎండకి పగుళ్లిచ్చి ఊడిపోతుంది. అద్దాల మేస్త్రీలు సాధారణంగా రంగు వేయరు, మా పని కాదంటారు. అది పెద్ద పనేం కాదు. ఎవరైనా వేయొచ్చు.

ఎవరూ వేయకపోతే ఆ ఆదివారానికి ముందు శనివారమే వచ్చి నేను వేస్తాను. చిన్న బ్రష్ ఒకటి చూసి ఉంచు.

తమ్ముడు


ఆగస్టు 19

తమ్ముడూ,

బస్సు సుఖంగా చేర్చిందా? నువ్వు మరిచిపోయిన తువ్వాలు ఉతికి, మడిచి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కెప్టెన్ గారికి ఇస్త్రీ చేసిన చేతి రుమాళ్లు కూడా ఉన్నాయి. టికెట్ లేకుండానే తీసుకోవచ్చని చెప్పు.

ముందు పని సంగతి. రంగు బాగా ఆరింది. నువ్వు రంగుని లప్పం దాటించి గాజు మీదికి సన్నగా పాకించావు, చూసుకోలేదు పాపం అనుకుని, బ్లేడుతో గీకుదామని కుర్చీ ఎక్కాను. అటుగా వెళ్తున్న మీసాలాయన కిటికీ అవతల నుంచి చేతులూపుతూ పరుగెత్తుకొచ్చాడు. "గీకకమ్మా! వాన నీరు సందులోకి దిగకుండా అలాగే వేయాలి. ఎవరు వేశారిది? పని తెలిసినవాడు వేశాడు" అన్నాడు. ఎవరు వేశారో చెప్పలేదు. "ఎవరో వేశారు లెండి" అని కుర్చీ దిగాను. నాలుక కొరుక్కుని మరీ దిగాను.

నువ్వు ఇప్పుడున్న ఊళ్లోనే అద్దాల షాపులో చేరతానన్నావు. చేరు. ఇక్కడికే రావాలని నేను అనను. అనాలని ఉంది, అనను.

ఇప్పుడు ఆదివారం గురించి. నువ్వు వెళ్లేటప్పుడు సిగ్గుపడుతూ "ఏమీ వినలేదక్కా, క్షమించు" అన్నావు. నీకు తెలియనిది చెప్తాను.

నువ్వొచ్చి ఆ కిటికీ కింద పెద్దమ్మ పక్కన కూర్చున్నావు. తలలు కొన్ని తిరిగాయి. చూడటానికి అక్కడ ఒక అద్దమూ, ఒక మనిషీ తప్ప ఏమీ లేవు. తలలు మళ్లీ నా వైపు తిరిగాయి. నేను మొదలుపెట్టాను, నా మామూలు గొంతుతోనే. కాసేపటికి చూస్తే నీ తల ఒక పక్కకి వాలింది. నోరు కొంచెం తెరుచుకుంది. చేతులు ఒళ్లో వెల్లకిలా పడి ఉన్నాయి, ఒక వేలికి రంగు మరక.

నా చెయ్యి గ్రంథం మీదకి వెళ్లింది. అలవాటు. బల్ల మీద చరచడానికి ఎత్తాను కూడా. అప్పుడు, చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్న ఆ ప్రవక్త గుర్తొచ్చాడు. దేవుడు ఆయన మీద కేకలేయలేదు. నిద్రపోనిచ్చాడు. లేచాక రొట్టె పెట్టి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఇన్నేళ్లు ఆ భాగం చదివి, ఆ నిద్ర మీద ఒక్కసారీ ప్రసంగించలేదు నేను.

గ్రంథాన్ని మెల్లగా దించాను. గొంతు తగ్గించాను. ఈ గదిలో నేను గొంతు తగ్గించడం అదే మొదటిసారి. వెనక బెంచీవాళ్లు వినపడక ముందుకి జరిగారు, బెంచీ కాళ్లు చప్పుడు కాకుండా ఎత్తి పట్టుకుని మరీ. దర్జీ, భార్య నోటికి రుమాలు అడ్డం పెట్టాడు.

ఇంతలో మబ్బు విడిపోయి, కొత్త అద్దంలోంచి ఎండ నేరుగా నీ మొహం మీద పడింది. నువ్వు కదిలావు, నుదురు ముడిచావు. లేస్తావేమో అనుకున్నాను. పెద్దమ్మ ఎవరినీ చూడలేదు. బెంచీ కింద నుంచి గొడుగు తీసి, చప్పుడు కాకుండా విప్పి, నీ మీద పట్టుకుంది. ఆరాధన అయ్యేదాకా చెయ్యి మార్చి మార్చి అలాగే పట్టుకుని కూర్చుంది.

నువ్వు నిద్రపోతూనే ఉన్నావు.

ఈసారి వచ్చినప్పుడు కూడా నిద్ర వస్తే నిద్రపో. గొంతు తగ్గించే మాట్లాడతాను.

అక్క